తప్పెక్కడుంది?

మా ఇంట్లో ఒక ముసలి అంబాసిడర్ కారుంది. 1985లో నాన్నగారు కొన్నారు. ఆ కార్లు చేసే కంపెనీ 2014లో వాటిని చెయ్యటం మానేసింది. నాన్నగారూ ఇప్పుడు లేరు. కారు మాత్రం విజయవాడలో మా వాకిట్లో వేపచెట్టు కింద, పింఛను పుచ్చుకునే పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. "దీన్ని అమ్మేద్దాం" అని మావారు ఏడాదికోసారి అంటారు. "నేను పోయాక అమ్ముకోండి నాయనా" అని మా అమ్మ అంటుంది. ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

2023 కార్తీకమాసంలో ఒక సోమవారం అమరావతి వెళ్లి అమరేశ్వరుణ్ణి చూడాలని అమ్మ కోరిక. అదీ నాన్నగారి కారులోనే. వారం ముందు తీసి చూస్తే, సెల్ఫు కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవటం లేదు. ఆటోనగర్లో మాకు తెలిసిన షెడ్డు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. మీసాలు ఇంకా సరిగా రాలేదు. పాయింట్లు పోయాయన్నాడు, కొత్తవి వేశాడు, కారు బయల్దేరింది.

సోమవారం తెల్లవారుజామున అమ్మ తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, వత్తుల డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనకసీట్లో కూర్చుంది. కారు ఉలకలేదు, పలకలేదు. మావారు డిస్ట్రిబ్యూటరు మూత తీసి టార్చిలైటు వేసి చూశారు (ఇంజను దగ్గర ఆయనకి తెలిసిన విద్య అంతవరకే). పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. "కొత్తవి ఇలా ఉంటాయా?" అన్నారు. అంతే, నాకు కథ మొత్తం అర్థమైపోయింది. నవలలు రాసేదాన్ని కదా, కథ అల్లటానికి ఎంతసేపు! డబ్బు పుచ్చుకుని పాత పాయింట్లు తగిలించి పోయాడన్నమాట.

చిన్న కారులో వెళదాం రమ్మంటే అమ్మ రాలేదు. "మీ నాన్నకి ఇవాళ రావాలని లేదేమోలే" అని దిగి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాటతో నా కోపం రెట్టింపయింది.

పదింటికి షెడ్డుకి వెళ్లాను. నలుగురు పనివాళ్లు, టీ తెచ్చిన పిల్లాడు, యజమాని, అందరూ ఉన్నారు. అందరూ వినేలాగే అన్నాను. "కొత్తవే వేశానమ్మా" అన్నాడు కుర్రాడు ఒకసారి. రెండోసారి ఆ మాట కూడా అనలేదు, నూనెచేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. యజమాని వాడి ఆ రోజు కూలి కోసేస్తానన్నాడు. నేను వద్దనలేదు. తగిన శాస్తే అనుకున్నాను కూడా.

సాయంత్రం మా వీధి చివర ఉండే ముసలి మేస్త్రీ వచ్చాడు. పాయింట్లు చూసి, "ఇవి కొత్తవేనమ్మా. మాడాయి, అంతే. మాడటం వీటి తప్పు కాదు" అన్నాడు. గరుకు కాగితంతో రుద్ది, మధ్య వైరు ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకుని ఇంజను ఇనుముకి పావంగుళం దూరంలో ఉంచి, మావారిని సెల్ఫు కొట్టమన్నాడు. ఎర్రగా, నీరసంగా ఒక రవ్వ ఎగిరింది. నీలంగా, టపటపమంటూ రావాలట.

ఆయన చెబుతుంటే నాకు తెలిసిందిది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు దగ్గర నిప్పు పుట్టాలంటే వేల వోల్టులు కావాలి, ఆ పెంచే పని కాయిలుది. పాయింట్లు కలిసున్నంతసేపూ కాయిల్లోకి కరెంటు వెళుతుంది. అవి విడిపోయి కరెంటు తెగిన క్షణాన పుడుతుంది అసలు దెబ్బ. విడిపోయే దూరం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. అక్కడ నిప్పు లేచి పాయింట్లు మాడిపోకుండా, ఆ పోటుని తనలోకి తీసుకునేది బొటనవేలంత రేకు డబ్బీ. దాన్నే కండెన్సరంటారు. అది చచ్చిపోతే మీరు ఎన్ని కొత్త పాయింట్లు వేసినా నాలుగు రోజుల్లో మాడతాయి. (ప్రతి ఉమ్మడి కుటుంబంలోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆవిడ చేసే పనేమిటో ఎవరికీ తెలియదు.)

ప్లగ్గు చూశాడు, వైర్లు చూశాడు, కాయిలు చూశాడు. ఒక్కొక్కటీ ఇది కాదు, ఇది కాదు అని పక్కన పెట్టి, చివరికి తప్పెక్కడుందో తేల్చాడు. నోరులేని ఇనుముకి అంత విచారణ జరిగింది. నోరున్న పిల్లాడికి నేనెంత ఇచ్చాను?

అనుమానించటమే పాపమని నేను ఇప్పటికీ అనను. పాలల్లో నీళ్లు, తూకంలో మోసం, కుట్టుకూలిలో తిరకాసు చూసి చూసి ఉన్నాం. అన్నీ నమ్ముతూ కూర్చుంటే సంసారాలు సాగుతాయా, మీరే చెప్పండి. కాని అనుమానం వచ్చాక అడిగి తెలుసుకోవాలి గదా. నేను అడగటానికి వెళ్లలేదు. అన్నీ తెలిసినదానిలా వెళ్లాను.

మేస్త్రీ పోతూ పోతూ, "పాయింట్లు మార్చినప్పుడు కండెన్సరు కూడా మార్చటం పద్ధతమ్మా" అన్నాడు. అమ్మయ్య, వాడి తప్పూ కొంత ఉందన్నమాట! ఆ మాట పట్టుకుని రెండు రోజులు హాయిగా ఉన్నాను. మూడోరోజు వత్తులు చేసుకుంటూ అమ్మ అంది: "ఆ పిల్లాడు ఆ రోజే చెప్పాడు కదే, ఇంకోటేదో కూడా మార్చాలని. నువ్వే, ఉన్నదాన్నెందుకు పీకటం, పని పెంచకు అన్నావు."

అన్నాను. నిజంగానే అన్నాను.

మర్నాడు ఆటోనగర్ వెళ్లాను. ఒంటిగంట దాటాక వెళ్లాను. అందరూ భోజనాలకి పోయే వేళ. ఆ వేళ ఎందుకు ఎంచుకున్నానో నాకు తెలుసు. బజారులో నలుగురి మధ్య దొంగ అన్నదాన్ని, పొరపాటైందని చెవిలో చెబితే చెల్లుతుందా? దారి పొడుగునా ఆటోలో ఇదే ఆలోచన. పరువు పోవటం ఎంత గట్టిగా జరిగిందో, తిరిగి రావటం కూడా అంత గట్టిగా జరగొద్దూ? ఈ న్యాయం తెలిసి కూడా ఒంటిగంటకే వెళ్లాను.

యజమాని ఉన్నాడు. కనీసం ఆయనకైనా గట్టిగా చెప్పాను, పిల్లాడి తప్పు లేదు, కోసిన కూలి నేనిస్తానని. "పోనీలెండమ్మా, ఇలాంటివి మామూలే" అన్నాడాయన. మామూలే అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది.

కుర్రాడు ఒక జీపు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. వంగి, "బాబూ, ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. స్పానరు చప్పుడు ఆగింది. కాసేపటికి కింద నుంచే గొంతు వినిపించింది.

"కండెన్సరు మార్చారా అమ్మా?"