నారుమడిని చూడబోయిన దంపతులు

ధ్యాన భాగము: యెషయా 51:1, 2



మన తాతల కాలమున దూరప్రయాణమనగా సద్దిమూట కట్టుకొని, ఎడ్లబండి ఎక్కి, నాలుగామడల దూరమునున్న కూటములకు పోయి వచ్చుటయే. ఇప్పుడు ఇబ్రహీంపట్నము చుట్టునున్న పల్లెల పిల్లలు సహా చదువులకని, ఉద్యోగములకని జర్మనీకిని లండనుకును పోవుచున్నారు. అక్కడ నిలదొక్కుకొనిన పిమ్మట తలిదండ్రులకు టికెట్లు పంపి, "అమ్మా, నాయినా, ఒక్కసారి వచ్చి చూసి పోండ్రి" అని పిలుచుచున్నారు. జీవితమంతయు పొలముగట్టు దాటని దంపతులు ముసలితనమున యూరపు ఖండమును చూచి వచ్చుచున్నారు. మంచు కొండను, ఇనుప గోపురమును, పాత దేవాలయములను చూచి, ఫోటోలు తెచ్చి వాడలో అందరికిని చూపుచున్నారు.

ఇది పాపమని నేను చెప్పను. దేవుడు చేసిన లోకమును చూచుటకు కన్నులిచ్చినవాడు ఆయనే గదా. అయితే అటువంటి ప్రయాణమునకు పోవువారిని, పోలేక ఇంట నుండువారిని కూడ ఒక ప్రశ్న అడుగవలసియున్నది. మీరు ఏమి చూడబోవుచున్నారు? ఏమి పట్టుకొని తిరిగి వచ్చెదరు?

బబులోను చెరలో నలిగిన యూదులు, మేము కొద్దిమందిమి, చెదరిపోయినవారము అని క్రుంగియుండిరి. అప్పుడు ప్రవక్త వారితో, తాము ఏ బండనుండి చెక్కబడిరో ఆ బండవైపు చూడుమని చెప్పెను. ఆ బండ ఏది? తరువాతి వచనమే దాని పేరు చెప్పుచున్నది. అది కొండకాదు, కోటకాదు. అది పిల్లలు లేని ఒక వృద్ధ దంపతుల జంట: అబ్రాహాము, శారా. ఒంటరిగా నున్నవానిని దేవుడు పిలిచి, ఆశీర్వదించి, అనేకులనుగా చేసెను. దీనిని గమనింపుడి: ఆ దంపతులు విడిచి వచ్చిన ఊరు అను పట్టణమునకు తిరిగిపొండని ప్రవక్త చెప్పలేదు. దేవుడు వారికి చేసిన కార్యమును చూడుమనెను. ఈ భేదమును మనస్సునందుంచుకొని మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది: వింత చూచుటకు పోవుట

స్విట్జర్లాండు దేశమున యుంగ్‌ఫ్రౌ అను మంచు పర్వతము కలదు. ఆ మంచులోనికి 3,454 మీటర్ల ఎత్తువరకు రైలు పోవును. ఆ రైలుమార్గము 1912లో పూర్తియాయెను. అక్కడ నిలిచి కీర్తనకారునివలె దేవుని స్తుతింపని నోరు ఎందుకు? పారిసు నగరమందలి ఇనుప గోపురము 1889లో తెరువబడెను. లోకమంతయు దానిని చూచుటకు పరుగెత్తెను. అదే 1889లో ఒక యౌవన దంపతులు యూరపును విడిచి ఓడనెక్కి మన దేశమునకు వచ్చిరి. వారిని చూచుటకు ఎవరును పరుగెత్తలేదు. వారి సంగతి కొంచెముసేపటికి చెప్పెదను.

అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణమును చూచెను. ఊరకే చూడలేదు, పరిశీలించి చూచెను. అందువలననే అక్కడి బలిపీఠమొకటి అతనికి ప్రసంగాంశమాయెను. కన్ను చూచినది ఆత్మను తాకవలెను. లేనియెడల వెయ్యి ఫోటోలు తెచ్చినను ఖాళీ చేతులతో వచ్చినట్లే.

రెండవది: వేరు వెదకుటకు పోవుట

కెనడా, అమెరికా దేశములలో మెన్నొనైట్ అను క్రైస్తవ జనాంగము కలదు. 1991లో సోవియట్ రాజ్యము పడిపోయి దారులు తెరువబడిన పిమ్మట, వారిలో ఎందరో భార్యాభర్తలు సెలవులు పెట్టుకొని, డబ్బు కూడబెట్టుకొని యూరపుకు పోయి, ఒక చేత వింతల పటమును, ఇంకొక చేత తాతముత్తాతల పేర్ల పట్టికను పట్టుకొని తిరిగిరి. వారి కథ మన తెలంగాణ సంఘములకు దగ్గరి చుట్టరికము గలది గనుక శ్రద్ధగా వినుడి.

వారి వేరు మొదట జూరిక్ నగరమున కనబడును. 1525 జనవరి 21న కొందరు విశ్వాసులు అక్కడ ఒక ఇంటిలో కూడి, నమ్మి ఒప్పుకొనినవారికే బాప్తిస్మమని తీర్మానించి, ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొనిరి. అది ఆ నగరపు చట్టమునకు విరోధము. వారిలో ఫెలిక్స్ మాంజ్ అనువానిని 1527 జనవరి 5న లిమ్మాట్ నదిలో ముంచి చంపిరి. చంపినవారు అన్యులు కారు, సంస్కరణను అంగీకరించిన క్రైస్తవులే! 477 సంవత్సరములు గడచిన పిమ్మట, 2004లో, జూరిక్ సంస్కరణ సంఘమువారు ఆ పాపమును బహిరంగముగా ఒప్పుకొనిరి. నది ఒడ్డున ఒక శిలాఫలకము పెట్టబడెను.

హాలెండు దేశమున విట్మార్సుమ్ అను పల్లెయందు పుట్టిన మెన్నో సైమన్స్ అను పాదిరి 1536లో తన పదవిని విడిచి ఈ విశ్వాసులతో కలిసెను. ఆయన పేరే వారికి వచ్చెను. ఆ దేశముననే ఆస్పెరెన్ అను ఊరిలో డిర్క్ విల్లెమ్స్ అను విశ్వాసి చెరసాలనుండి తప్పించుకొని గడ్డకట్టిన నీటిమీద పరుగెత్తుచుండగా, తరుముచున్నవాడు మంచు విరిగి నీటిలో పడెను. డిర్క్ వెనుకకు మరలి వానిని చెయ్యిపట్టి లేపెను. ఆ కారణముచేతనే పట్టుబడి 1569లో కాల్చబడెను. హాలెండుకు పోవు యాత్రికులందరును తులిప్ పూల తోటలు చూచెదరు. ఆస్పెరెనులో నిలిచి, శత్రువును ప్రేమించుట ఎంత ఖరీదైనదో తలంచువారు కొందరే.

తరువాత ఆ జనము హాలెండునుండి పారిపోయి, ఇప్పటి పోలండులోని విస్తులా నదీముఖమున చిత్తడినేలలను ఎండగట్టి సాగుచేసెను. అక్కడినుండి 1789లోను, 1804లోను దక్షిణ రష్యాకు, అనగా ఇప్పటి యుక్రెయిన్ భూమికి పోయెను. 1804లో నాటుకొనిన ఆ పల్లెల గుంపునకు మొలొచ్నా అని పేరు. అక్కడ 1860లో మెన్నొనైట్ బ్రదరన్ సంఘము పుట్టెను. 1874 మొదలుకొని అనేకులు సైనికసేవ నిర్బంధమును తప్పించుకొనుటకై అమెరికాకు తరలిపోయిరి.

రైతు సోదరులారా, ఇది మీకు తెలిసిన పనియే. నారుమడిలో నారు పెరుగును. దానిని పీకి, కట్టలు కట్టి, మరియొక మడిలో నాటెదరు. పీకునప్పుడు వేరునకు నొప్పి కలుగదా? కాని నారుమడిలోనే గుబురుగా నిలిచిన నారు గింజపట్టదు. దేవుడు ఆ జనమును మరల మరల పీకి నాటెను.

ఇక మొలొచ్నాను చూడబోయిన ఆ దంపతులకు ఏమి కనబడెను? 1930 తరువాతి సంవత్సరములలో ప్రార్థనాలయములు మూయబడెను. పురుషులనేకులు చెరపట్టబడిరి. 1943లో యుద్ధము వెనుకకు మరలినప్పుడు మిగిలినవారు పశ్చిమమునకు పారిపోయిరి. వారిలోను అనేకులు పట్టబడి సైబీరియాకును మధ్య ఆసియాకును పంపబడిరి. తాత కట్టిన ఇంటి తలుపు తట్టినయెడల తీయువారు పరాయివారు. కొన్నిచోట్ల సమాధి రాళ్లు కూడ మిగులలేదు. 2022లో మొదలైన యుద్ధము వలన ఆ కొద్దిపాటి రాకపోకలును ఆగిపోయెను. యోసేపు మరియలు కూడ దంపతులుగా తమ పితరుని ఊరైన బేత్లెహేమునకు పోయిరి గాని, సొంత వేరున్న ఊరిలో వారికి సత్రమున స్థలము దొరకలేదు. వేరు వెదకబోయినవానికి ఆ ఊరు ఎల్లప్పుడును తలుపు తీయదు.

అట్లయితే ఆ నారుమడి వ్యర్థమా? ఇప్పుడు 1889లో ఓడనెక్కిన దంపతుల పేరు చెప్పెదను. వారు అబ్రాహాము ఫ్రీజెన్ గారు, వారి భార్య మరియ గారు. వారు ఆ జనపు బిడ్డలు. హాంబర్గు పట్టణమున బాప్తిస్టు సెమినరీలో చదివి, అమెరికన్ బాప్తిస్టు మిషనుతో కూడి, 1890 నుండి మన పొరుగు జిల్లాయైన నల్లగొండలో సేవచేసిరి. మొలొచ్నాలో ఆ జనపు పల్లెలు చెదరిపోయెను. నల్లగొండలో సంఘము నిలిచియున్నది. నారుమడి బోడియాయెను, పొలము పండుచున్నది! మొలొచ్నాలో దొరకని వేరును చూడగోరువారు నల్లగొండలో ఆదివారపు గంట మ్రోగునప్పుడు వచ్చి చూడవలెను.

మూడవది: మన వేరు ఎక్కడ?

యూరపుకు పోవు మన దంపతులు శంషాబాదులో విమానమెక్కెదరు. ఆ విమానాశ్రయము 2008లో తెరువబడెను. అయితే విమానములు రాకముందే ఆ శంషాబాదునకు దూరదేశమునుండి వచ్చి, తిరిగిపోక, అక్కడనే కన్నుమూసిన ఒక స్త్రీ యున్నది. ఆమె డాక్టరు కతరీనా షెల్లెన్‌బెర్గ్ దొరసానిగారు. 1870లో మొలొచ్నాలో పుట్టి, చిన్ననాడే అమెరికాకు పోయి, వైద్యము నేర్చి, 1907లో మన దేశమునకు వచ్చి, పల్లె స్త్రీలకును బిడ్డలకును మందిచ్చి, 1945లో శంషాబాదులో ప్రభువునందు నిద్రించెను. వేరు చూచుటకు ఏడు సముద్రములు దాటబోవువాడు, దాటకముందే దానిమీదుగా పోవుచున్నాడు!

అయినను ప్రియులారా, దొరగారును దొరసానిగారును మన వేరు అని చెప్పిన యెడల అది సగము సత్యమే. వారు నాటినవారు. ఆ మాటను మొదట నమ్మినవారు ఎవరు? ఊరికి వెలుపల వాడలలో, చెప్పులు కుట్టినవారు, నేత నేసినవారు, వెట్టి చేసినవారు. రాత్రివేళ దీపము చుట్టు కూర్చుండి వినిరి. బాప్తిస్మము పొందినందుకు దెబ్బలు తినిరి, కూలి పోగొట్టుకొనిరి. తమ నోటితోనే పొరుగు వాడలకు సువార్తను మోసిరి. దొరగారి పేరు పుస్తకములలో నున్నది. వీరిలో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకములోను లేవు, జీవగ్రంథమందు తప్ప. మెన్నొనైట్ దంపతులు పేర్ల పట్టిక పట్టుకొని పోయిరి. మన చేతిలో పట్టిక ఉన్నదా? ముత్తాత పేరు అడిగినయెడల మనలో ఎందరు చెప్పగలరు?

ఇక్కడనే ఒక దాచబడిన గాయమున్నది. బయటి దేశములలోను పట్నములోను స్థిరపడిన మన పిల్లలలో కొందరు తమ వాడ పేరు చెప్పుటకు సిగ్గుపడుదురు. "మీ ఊరు ఏది?" అనినయెడల "హైదరాబాదు" అందురు. తల్లి కూలిపని చేసిన చేతులను స్నేహితుల యెదుట దాచుదురు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమును చదువుడి. ప్రథమఫలముల గంప పట్టుకొని వచ్చిన ఇశ్రాయేలీయుడు ముందుగా ఏమి ఒప్పుకొనవలెను? తన పితరుడు దిక్కులేక తిరిగిన పరదేశి అనియు, ఐగుప్తులో దాస్యము చేసెననియు చెప్పవలెను. అటుతరువాతనే గంపను దింపవలెను. గంప నిండినవాడు దాస్యమును మరువరాదు. వేరును దాచినవాని స్తోత్రము దేవుని యెదుట సగమే.

అటు సిగ్గును వద్దు, ఇటు అతిశయమును వద్దు. రోమా 11వ అధ్యాయమున పౌలు అంటుకట్టబడిన కొమ్మను హెచ్చరించెను: వేరును మోయునది నీవు కాదు, వేరే నిన్ను మోయుచున్నది. మనలను మోయు ఆ వేరు జూరిక్ కాదు, మొలొచ్నా కాదు, నల్లగొండయు కాదు. ఆ వేరు మన ప్రభువైన యేసుక్రీస్తే. ఆయనయందు వేరు పారినవాడు ఏ మడిలో నాటబడినను వాడిపోడు.

కాబట్టి ఈ నెలలో మనము చేయదగినవి కొన్ని కలవు. యూరపుకు పోవుటకు అవకాశము దొరికినవారు పొండి. మంచు కొండను చూడుడి. జూరిక్ నగరమున ఒక గంటసేపు లిమ్మాట్ ఒడ్డున నిలిచి, మీ బాప్తిస్మపు వెల ఎంతో తలంచుడి. కాని వింతలు చూచుటకై తాతల భూమిని అమ్ముకొని పోవద్దు, అప్పుచేసి పోవద్దు. మన చుట్టు ప్లాట్ల రాళ్లు పాతుచున్న ఈ దినములలో భూమి ఒకసారి పోయినయెడల తిరిగిరాదు.

పోలేనివారు చింతింపవద్దు. వాడలోని ముసలమ్మ యొద్దకు పోయి కూర్చుండుడి. "అవ్వా, మన ఇంట్ల మొదలు దేవుని నమ్మింది ఎవలు?" అని అడుగుడి. ఆమె చెప్పిన పేర్లను మీ బైబిలు మొదటి పుటమీద వ్రాసికొనుడి. ఆమె పోయిన పిమ్మట ఆ పేర్లు చెప్పువారుండరు. సంఘ పెద్దలారా, పాత బాప్తిస్మపు పుస్తకములు చెదలు పట్టకముందే చక్కగా తిరిగి వ్రాయించుడి. సమాధుల తోటలో ముండ్లు కొట్టి శుభ్రపరచుడి. సెలవులకు వచ్చిన కొడుకులారా, కోడండ్లారా, మాల్‌లకు తిప్పుట చాలించి, తలిదండ్రుల చెయ్యిపట్టుకొని ఒక పూట సొంత వాడకు పోయి, మీ బిడ్డలకు అక్కడి నేలను చూపుడి. వారు మీ పాదములయొద్ద నేర్చుకొనినది ఏ విమానమును నేర్పలేదు.

ప్రార్థన: మా పితరులను పిలిచిన దేవా, ఎక్కడనో నారు పోసి మమ్మును ఇక్కడ నాటితివి, నీకు స్తోత్రము. పేరులేక నమ్మినవారిని మేము మరువకుండునట్లు కృపనిమ్ము. దూరదేశములలోనున్న మా బిడ్డలు నీయందు వేరు పారునట్లు చేయుము. ప్రయాణము చేయువారిని, ఇంట కనిపెట్టువారిని కాపాడుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.