పితరుల స్వాస్థ్యము

ధ్యానభాగము: 1 రాజులు 21:1–16, యిర్మీయా 32:6–15



యెజ్రెయేలు వాడైన నాబోతుకు ఒక ద్రాక్షతోట కలదు. అంతకంటె మంచి తోటనైనను, క్రయమునైనను ఇత్తునని అహాబు రాజు అడిగెను. లోకము లెక్కకు అది మంచి బేరమే. అయినను నాబోతు ఒప్పుకొనలేదు. ఆ తోట పితరులు తనకు అప్పగించినది, తాను బిడ్డలకు అప్పగింపవలసినది. ఆ మాటకై అతడు ప్రాణమే కోల్పోయెను.

మన హనుమంతునిపాడు ప్రాంతపు మెట్ట సేద్యగాండ్రకు ఈ సంగతి దూరమైనది కాదు. మనలో అనేకుల పొలము డి.కె.టి. పట్టా భూమి. 1977 నాటి అసైన్డు భూముల చట్టము దానికి కంచె వేసినది: వారసులు అనుభవింపవచ్చును గాని అమ్మరాదు, కొన్నను చెల్లదు. భూమిని శాశ్వతముగా అమ్మవద్దని లేవీయకాండము 25వ అధ్యాయమందు దేవుడు విధించిన కట్టడకు ఇది పోలికగా నున్నది. అమెరికాలో కొందరు రైతులు ఇట్టి కంచెను తామే వేసికొందురు; పొలము ఎవరి చేతికి పోయినను సేద్యమునకే యుండవలెనని దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయింతురు. అయితే మన రాష్ట్రమున 2023లో చట్టము సవరింపబడి, పట్టా పొంది 20 సంవత్సరములు నిండిన సాగుభూమిని అమ్ముకొను హక్కు కల్పింపబడెను. చట్టపు కంచె సడలినప్పుడు మనస్సాక్షియే కంచె కావలెను.

అమ్ముట పాపమా? బోరులో నీరు పడక అప్పులపాలైనవానిని, వైద్యమునకై పొలము అమ్మినవానిని మనము నిందింపరాదు. అట్టివానికై దేవుడు బంధువును నియమించెను. శత్రువులు యెరూషలేమును ముట్టడించియుండగా, యిర్మీయా తన పినతండ్రి కుమారుని పొలమును 17 తులముల వెండికి కొని, సాక్షులయెదుట పత్రము వ్రాయించి, మంటికుండలో భద్రపరపించెను.

కావున పరులతో బేరమాడకమునుపు అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను పిలిచి కూర్చుందము. వీలునామా లేనియెడల, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము క్రైస్తవ కుటుంబములో కుమార్తెకును కుమారునితో సమాన భాగము కలదు. పంపకము నోటిమాటగా విడువక వ్రాయించుకొందము. చదివించుకొనక ఏ కాగితముమీదను వ్రేలిముద్ర వేయకుందము. పొరుగు విశ్వాసి ఇబ్బందిలో నున్నయెడల, అతని చేను చవుకగా వచ్చునని కాచుకొనక, చేబదులిచ్చి నిలువబెట్టుదము. కాచుకొనువాడు ఆరాధనకు వచ్చినను అహాబే.

ప్రభువా, నేల నీది, మేము కౌలుదారులము. మా చేతికిచ్చిన దానిని మా బిడ్డల చేతికి నమ్మకముగా అప్పగించు కృప దయచేయుము. ఆమేన్.