అరచేతికి తీరిక



కాయకమును గూర్చి వ్రాయుదునని ఒప్పుకొని కలము పట్టిన పిమ్మట, ముందు నా తప్పొకటి చెప్పుకొనక తప్పదని తోచినది. అచ్చటనే మొదలుపెట్టుచున్నాను.

కొన్నియేండ్ల క్రిందట శ్రావణమాసపు ప్రవచనములు ముగిసిన ఒక సాయంకాలమున ఒక తల్లి నాయొద్దకు వచ్చి, విభూతి పెట్టించుకొని, కూర్చుండక నిలబడియే అడిగినది. “స్వామీ, తెల్లవారుజామున లేచినది మొదలు నా రెండు చేతులు పిండిలోనో నూలులోనో ఉండును. మెడలో లింగమున్నది. దానిని అరచేతిలో పెట్టుకొని నిదానముగా కూర్చుండి ఎన్ని దినములైనదో చెప్పలేను. నన్ను నేను లింగవంతురాలననుకొనవచ్చునా?”

నేను నోరు తెరవకముందే ఆమె వెనుక నున్న భర్త చేతులు జోడించి, “కాయకమే కైలాసమని కదా స్వామీ మన మతము! ఇంటిపనియే దానికి పూజ” అనెను. నేనును తలయూపితిని. “నిజమే తల్లీ, నీ కాయకమే నీ పూజ. దిగులుపడవలదు” అని పంపివైచితిని. ఆమె నమస్కరించి వెడలినది. ఆమె ముఖమున తృప్తి కనబడలేదు. చూచియు చూడనట్లు ఊరకుంటిని. ప్రవచనకారునికి నోట సిద్ధముగా నుండు సమాధానము కంటె ప్రమాదకరమైనది మరొకటి లేదు.

ఆ మాఘమాసమున వారింట పాదపూజకు పిలుపు రాగా ముందునాటి రాత్రియే చేరుకొంటిని. భోజనమైన తరువాత అందరును పడుకొనిరి. ఆ తల్లి మాత్రము దీపము దగ్గర కూర్చుండి పిల్లవానికి స్వెట్టరు అల్లుచుండెను. అది క్రొత్త ఉన్ని కాదు. గతయేటి స్వెట్టరు వానికి పొట్టిదైనందున దానిని విప్పి, చిలపగా చుట్టి, తడిపి, బరువు కట్టి వ్రేలాడదీసి, మెలికలు పోయిన పిదప మరికొంత వేరురంగు ఉన్ని చేర్చి తిరిగి అల్లుచున్నదట. ఒక కుట్టు జారినది. నాలుగు వరుసలు విప్పి మరల మొదలుపెట్టినది. ఎవరు చూచిరి? ఎవరు అడిగెదరు? ఐనను విప్పినది.

తెల్లవారుజామున నేను లేచునప్పటికే గదిమూల నుండి రాట్నపు సవ్వడి వినబడుచుండెను. అది ఆమె అత్తగారి కాలపు రాట్నము. ఆ ఊరిలో మన యిండ్ల ఏ శిశువునకు లింగధారణ జరిగినను శివదారము ఈమె వడికినదే. దూదిని పుల్లకు చుట్టి ఏకులు చేయును. కుడిచేత చక్రము త్రిప్పుచు ఎడమచేత ఏకును పట్టి మెల్లగా వెనుకకు లాగును. లాగుట ఎక్కువైనచో పోగు తెగును, తక్కువైనచో ఉండకట్టును. వడికిన పోగులను పేటలుగా కలిపి తిరిగి పురిపెట్టును. పురి తక్కువైన దారము ఏడాది తిరుగకముందే మెడలో తెగిపోవునని ఆమె భయము. లింగము నేలరాలుట ఎంతటి విపత్తో మీకు నేను చెప్పనక్కరలేదు.

అటుపిమ్మట పొయ్యి. జొన్నరొట్టె చేయుట ఎరిగిన తల్లులకు ఇది తెలిసినదే. ఎరుగని మగవారి కొరకు వ్రాయుచున్నాను. గోధుమకున్న సాగెడు గుణము జొన్నకు లేదు. మరుగునీరే దానికి పట్టు. కావున నీరు మరిగిన క్షణముననే పిండిలో పోసి, చేయి కాలునంత వేడిలోనే మర్దించి, ఒక్కొక్క ముద్దను తట్టి, పెనముపై వేసి, పైభాగమున నీరు తడిమి, అది ఆరకముందే త్రిప్పవలెను. పిండి చల్లబడెనా, అంచులు పగులును. రొట్టెను సగములో విడిచి పూజకు లేచు అవకాశము లేదు. సరిగా అదే వేళకు ఆ యింటి పురుషుడు స్నానముచేసి, మడతపెట్టిన శాలువ పరచుకొని, లింగమును కరస్థలమున నుంచుకొని, నిశ్చలముగా కూర్చుండెను. అతని పూజకు లోపమేమియు లేదు. ఆ నిశ్చలత్వమునకు వెల చెల్లించునది ఎవరని నాకు అప్పుడు తట్టినది.

ఇష్టలింగపూజకు మనకు గుడి అక్కరలేదు, అర్చకుడక్కరలేదు, ముహూర్తమక్కరలేదు. ఎడమ అరచేయి ఒక్కటి తీరికగా నుండిన చాలును. బసవన్నగారు మనకిచ్చిన ఈ సౌలభ్యము సామాన్యమైనది కాదు. కాని ఏ ఎడమచేయి లింగమునకు పీఠము కావలెనో, ఆ చేతిలో ఒక జామున ఏకు, ఒక జామున రొట్టె, ఒక జామున అల్లికపుల్ల! ఊరి లింగములన్నియు ఆమె వడికిన దారముపై వ్రేలాడుచున్నవి. ఆమె లింగమునకు మాత్రము ఆమె అరచేయి దొరకుట లేదు.

ఇక మనము తరచుగా వాడు ఆ గొప్పమాటను గూర్చి ఆలోచింతము. పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట ఆయన కాయకము. కాయకమున నిమగ్నుడైనవాడు గురుదర్శనమునైనను లింగపూజనైనను మరువవలెనను భావము ఆయన వచనమున నున్నది. ఆ భర్త ఆడిన మాటకును, నేను తలయూపినదానికిని మూలము అదియే. అయితే ఆ మాటను ఎవరు, ఎవరిని గూర్చి చెప్పిరి? మారయ్య తన కాయకమును గూర్చి తాను చెప్పుకొనెను. వంగి గింజలేరిన నడుము తనది. మరియొకరి నడుము వంచి, ‘ఇదియే నీ కైలాసము’ అని ఆయన అనలేదు. తనకు తాను పెట్టుకొన్న నియమము వ్రతమగును. అదే నియమమును ఇతరుల మెడకు తగిలించినచో అది కాడియగును.

మారయ్య యింట ఏమి జరిగెనో కూడ స్మరింపుడు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ చూచి, ఈ ఆశ మనకెక్కడిది, అక్కరకు మించినది శివునకు సమ్మతము కాదు, ఎచ్చటినుండి తెచ్చితివో అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య మారుమాటాడక మరలిపోయెను. వంటయింటిలో నున్న స్త్రీ కొలత నిర్ణయించినది, పురుషుడు విన్నాడు. ఈ కథను మనము ప్రతియేట చెప్పుకొందుము. అది మన యిండ్లలో ఎన్నిమారులు జరుగుచున్నది?

కదిర రెమ్మవ్వను చూడుడు. కదురే ఆమె యింటిపేరైనది. నూలు వడికి బ్రతికిన శరణి. గుమ్మేశ్వర నామమును ముద్రికగా నిలిపి వచనములు పలికినది. తన రాట్నపు పలకయందును తోరణమునందును బొమ్మయందును బ్రహ్మవిష్ణురుద్రులను దర్శించినది. ఆ దర్శనము రాట్నము త్రిప్పినంతమాత్రముననే రాలేదు. రాట్నము త్రిప్పినవారు కోట్లకొలది కలరు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా నుండిన అనుభవమంటపపు గోష్ఠి ఆ కాలపు కాయకజీవులకు తెరచియుండెను. వడ్లు దంచిన సోమమ్మ పలుకులు సయితము మనకు వచనముగా నిలిచినవి. చేతులకు పనియు, చెవులకు శివానుభవమును, మనసునకు తీరికయు కలసినప్పుడే పని కాయకమైనది. తీరికను తీసివేసి పనిని మాత్రము మిగిల్చినచో దానికి చాకిరియను పాతపేరు చాలును.

మన తెలుగువారికి మరింత దగ్గరి కథ కలదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవిని మనకిచ్చెను. అందరకును తల్లి యుండగా శివునకు మాత్రము తల్లి లేకపోయెనే యని ఆమె కుమిలినది. తల్లియే యున్నచో ఆ బిడ్డను విషము త్రాగనిచ్చునా, పాములతో ఆడనిచ్చునా యని తలపోసి, తానే ఆయనకు తల్లియైనది. నలుగుపెట్టి నీళ్లుపోయుట, కాటుక దిద్దుట, పాలు పట్టుట, ఇవియే ఆమె పూజావిధులు. పరీక్షింపదలచి శివుడు గొంతునొప్పి నటించి పాలు మానగా ఆమె తల్లడిల్లిన తీరు చదివి కన్ను చెమర్చనివాడుండడు. బిడ్డను సాకుటయే పూర్ణమైన పూజ యనుటకు ఇంతకంటె ప్రమాణమేల యని మీరందురు. నేనును అనుచుంటిని. కాని గమనింపుడు. ఆమె ఆ పనిని తానై కోరుకొన్నది. ఆ పనిలో ఆమెకును శివునకును నడుమ మరియెవ్వరును లేరు. కాలిన చేతితో ఆరుగురికి వేర్వేరు వేళల వడ్డించు తల్లి వద్దకు పోయి బెజ్జమహాదేవి కథ చెప్పుట సులభము. ఆమె చేతిలోని గరిటె కొంతసేపు మనము పట్టుకొనుట కష్టము.

మరియొక మాట. లింగధారికి సూతకములు లేవని మన ఆచారము. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, కులము అను ఐదును లింగపూజకు అడ్డుకావని శరణులు తెగనరికిరి. నెలలో మూడు దినములు స్త్రీని దూరముంచు కాలమున ఈ మాట అనుటకు ఎంతటి గుండె కావలెను! మైల ఆపలేని ఆ తల్లి పూజను మన సోమరితనము ఆపుచున్నది.

వంట పురుషునకు తగదందురా? మన మఠముల దాసోహశాలలకు పోయి చూడుడు. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది విద్యార్థులకు నిత్యము అన్నము పెట్టుచున్నారు. 111 ఏండ్లు నిండిన పిమ్మట 2019 జనవరి 21న లింగైక్యులైన శ్రీ శివకుమార మహాస్వామివారు ఆ దాసోహమును ఎట్లు కాపాడిరో లోకమెరుగును. అట్టి వంటశాలలలో పెద్ద బానలను దించువారు మగవారే. అచ్చట గరిటె పట్టినవాడు సేవకుడని గౌరవము పొందును. ఆ మనుష్యుడే ఇంటికి వచ్చి మంచినీళ్లకు కేకవేయును! మఠములో దాసోహమైనది ఇంటిలో ఆడుదాని పని ఎట్లగును?

తల్లులకు కూడ ఒక మాట చెప్పక విడువను. చేతిపనియందు గర్వము చొరబడుట సులభము. నేనల్లినదే అల్లిక, నేను చేసినదే రొట్టె, మరియొకరు ముట్టిన చెడునను పట్టుదల కూడ ఒక బంధమే. కూతునకు మాత్రము నేర్పి కొడుకును వాకిట ఆడుకొననిచ్చునది తరచుగా తల్లియే. బంధువుల హోదాను బట్టి నేతికొలత మార్చు చేయి ఎంత నేర్పరిదైనను అది దాసోహము చేయు చేయి కాదు.

ఆనాడు పాదపూజ ముగిసిన తరువాత భార్యాభర్తలను ఎదుట కూర్చుండబెట్టి, “నాయనా, శ్రావణమున నేను తలయూపినది తప్పు. ఈమె అడిగినది అనుమతి కాదు, అరగంట కాలము. అది నీవును నేనును ఇయ్యలేదు” అంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. తుదకు, “నాకు రొట్టె చేయుట రాదు స్వామీ” అనెను. “లింగపూజ పుట్టుకతో వచ్చినదా? నేర్చుకొంటివి కదా” అంటిని. ఆమె నవ్వాపుకొనుచు, “వద్దు స్వామీ, వారు వంటింట అడుగుపెట్టినచో నాకు పని రెండింతలగును” అన్నది. ఆ మాటయందు నిజము లేకపోలేదు. కొంతకాలము పని రెండింతలగుట ఓర్చుకొనుమని ఆమెకును చెప్పితిని.

మొన్నటి మాఘమాసమున మరల ఆ యింటికి పోయితిని. వేకువన మేల్కాంచునప్పటికి రాట్నపు సవ్వడి లేదు. పదేండ్ల పిల్లవాడు గడపలో కూర్చుండి దూదిని పుల్లకు చుట్టి ఏకులు చేయుచుండెను. అవి కొన్ని లావు, కొన్ని సన్నము. వంటయింట నీరు మరిగిన చప్పుడును, వెంటనే “అబ్బా” యని వ్రేళ్లు విదిలించిన పురుషుని గొంతును వినబడినవి. లోపలిగదిలో ఆ తల్లి తూర్పుముఖముగా కూర్చుండి యుండెను. ఎడమ అరచేయి ఱొమ్మునకు ఎదురుగా నిలిచియుండెను. వంటయింట ఏదో గిన్నె పడినది. ఆమె కన్ను కదలలేదు.

నాకు వడ్డించిన రొట్టె ఒక అంచున మాడినది, మరియొక అంచున పచ్చిగా నుండెను. రెండవది కూడ అడిగి వేయించుకొంటిని.