ప్రారబ్ధానికి మందు ఉంది

మోకాళ్ల నొప్పి భరించడం భక్తా? మా అత్తగారు అవుననే నమ్మారు. ఆపరేషన్ మాట ఎత్తితే "అనుభవించాల్సింది అనుభవించాలే అమ్మా, ఇప్పుడు తప్పించుకుంటే వచ్చే జన్మకైనా బాకీ ఉంటుంది" అనేవారు. చివరికి మంచం దిగాలన్నా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. రెండు మోకాళ్లూ మార్పించుకున్నదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని పురాణాలు విన్నదాన్ని, ఆ నమ్మకం తప్పని నేను గట్టిగా చెప్పగలను.

పూర్వజన్మ పాపమే రోగమై పీడిస్తుందని ఒక శ్లోకం ఉంది. మనవాళ్లకు నోటికి వచ్చేది అందులో మొదటి సగమే. ఆ బాధ దేనితో శాంతిస్తుందో రెండో సగం చెబుతుంది: ఔషధం, దానం, జపం, హోమం, దేవతార్చన. వరుసలో మొదటిది ఔషధం! నొప్పి రావడం ప్రారబ్ధమైతే, దాన్ని తగ్గించే వైద్యుడు దొరకడం మాత్రం ప్రారబ్ధం కాదా?

ప్రారబ్ధమనే మాట చాటున చాలాసార్లు ఖర్చు భయం కూడా ఉంటుంది. పిల్లల మీద భారం వేయలేక పెద్దవాళ్లు కర్మ మీదికి తోసేస్తారు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టిందని వాళ్లకు చెప్పేవారుండరు.

ఇంతకీ మోకాలు ఎందుకు నొస్తుంది? ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. అందుకే అరిగితే చర్మం మీది గాయంలా పూడుకోదు. వయసు, బరువు, పాత దెబ్బలు, వంశం, ఇవీ కారణాలు. చాలామందికి బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, మందులతోనే ఏళ్లు గడుస్తాయి. ఆపరేషన్ ఆఖరి మెట్టు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అలా కాదు. శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది, పొద్దున లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోతాయి. త్వరగా మందులు మొదలుపెడితే కీళ్లను చాలావరకు కాపాడుకోవచ్చు. కర్మ అని ఊరుకుంటే చేజారేది ఆ సమయమే.

నా ఆపరేషన్లో అరిగిన ఎముక చివరలను పల్చగా కోసి, లోహపు తొడుగులు వేసి, మధ్యలో పాలీఇథిలీన్ పలక పెట్టారు. మర్నాడే వాకరిచ్చి నిలబెట్టారు. అసలు కష్టం ఆ తర్వాతి వారాల్లో. పక్క మీద మడమను వెనక్కి ఈడ్చుకుంటూ మోకాలు వంచాలి. పళ్లు బిగబట్టినా కళ్లలో నీళ్లు తిరిగేవి. అత్తగారి నొప్పి ఏటికేడూ పెరిగింది, నా నొప్పి రోజురోజుకీ తగ్గింది. తపస్సనే మాట వాడాల్సి వస్తే నేను ఈ వ్యాయామానికే వాడతాను.

నేల మీద బాసిపట్టు వేసుకోవద్దన్నారు డాక్టరు. కుర్చీలో కూర్చుని పూజేమిటని బంధువులావిడ నొచ్చుకుంది. ఉపాసన కూర్చుని చేయాలని బ్రహ్మసూత్రాలు నాలుగో అధ్యాయంలో చెప్పిన మాట నిజమే. దానికి శంకరులు చెప్పిన కారణం చూడండి: నడుస్తుంటే మనసు చెదురుతుంది, పడుకుంటే నిద్ర వస్తుంది. ఆ కారణంలో పీట ప్రసక్తే లేదు. కాస్త ముందుకెళితే మనసు ఎక్కడ కుదిరితే అక్కడే అని కూడా ఉంది. నమాజుకైనా అంతే; నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు ఒత్తిగిలి చేయవచ్చని హదీసు.

తిరుమల కొండెక్కే అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం మాటేమిటని అడుగుతారు. కొండంతా సాలగ్రామమని పాదం మోపలేక రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని సంప్రదాయం. అది స్వామి మీది ప్రేమ. నొప్పి పడితే పుణ్యమొస్తుందని ఆయన ఎక్కలేదు. అరిగిన కీళ్లతో అదే మొక్కుకుంటే మిగిలేది వాపే.

మీ ఇంట్లో ఎవరైనా గోడ పట్టుకుని లేస్తుంటే, కర్మ అన్నారని వదిలేయకండి. ఈ వారమే ఎముకల డాక్టరుకు చూపించండి. దేవుడి పటాలను కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికందే ఎత్తులో పెట్టండి.