న్యాయవాద విద్యయు ధర్మనిష్ఠయు

నేటి విద్యావంతుల గృహములలో బాలుడో బాలికయో న్యాయశాస్త్రము చదువగోరినపుడు తల్లిదండ్రులు విచారించు విషయములు సాధారణముగ మూడు. ఏ కళాశాలలో ప్రవేశము దొరకును? ఎంత వ్యయమగును? ఎన్నేండ్లకు సంపాదన ఆరంభమగును? ఇవి అనావశ్యకములని చెప్పజాలము; గృహస్థుడు వ్యయమును విచారింపక తప్పదు. కాని వీనికంటె ముందుగ విచారింపవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇంటిలో ఎవ్వరును దాని నడుగనిచో, ఒకనాడు కక్షిదారుడే వచ్చి, ఫీజు సొమ్ము బల్లమీద నుంచి, దాని నడుగును. "అయ్యా, దీనికి చట్టములో దారి కలదా?" యని యతడు ప్రశ్నించును. దారి కలదని పుస్తకమును, ఆ దారి తగదని అంతరాత్మయు చెప్పుచున్నపుడు న్యాయవాది దేనికి లోబడవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును విద్యార్థిదశయందే వెదకుకొననివాడు ఈ విద్య నెన్నుకొనకుండుటయే మేలని మా యభిప్రాయము.

వకీలు వృత్తిని నిందించుట మా యుద్దేశము కాదు. అది యసత్యముతో బ్రదుకు వృత్తియని దూషించు ధార్మికులు పెక్కురు కలరు. వారు మన సమాజ చరిత్రమునే మఱచినవారు. 1868వ సంవత్సరమున బ్రాహ్మ వివాహములు చట్టసమ్మతములగునా యని విచారింపగా, అవి చెల్లవని ప్రభుత్వ అడ్వకేటు జనరలు అభిప్రాయ మిచ్చెను. విగ్రహారాధనము లేక, సర్వసాక్షియగు పరమేశ్వరుని సన్నిధిని ప్రమాణము చేసి ఒక్కటైన దంపతుల బిడ్డలకు వారసత్వమే సందేహాస్పదమయ్యెను. ఆ కష్టము కేశవచంద్రసేనుడు మున్నగువారి ప్రయత్నముచే 1872వ సంవత్సరపు 3వ చట్టముతో తీఱెను. అదియు నిష్కళంకమైన చట్టము కాదు. తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతముల నవలంబించినవారము కామని వధూవరులు ప్రకటింపవలసివచ్చెను. ఆ నిర్బంధము 1923లో కొంత సడలెను. 1954లో వచ్చిన ప్రత్యేక వివాహ చట్టము పాతదానిని తొలగించి, మతమేదైనను వివాహమాడ వీలు కల్పించెను. ఎనుబదిరెండేండ్ల ఈ మార్పునకు భక్తుల ప్రార్థనలతోపాటు చట్టమెఱిగినవారి కృషియు కావలసివచ్చెను.

స్త్రీల విషయమును చూడుడు. 1916లో రెజీనా గుహ కలకత్తాలోను, 1921లో సుధాంశుబాలా హజ్రా పాట్నాలోను న్యాయవాద వృత్తికి కావలసిన విద్య యంతయు కలిగియుండియు, స్త్రీలైన కారణముచేతనే హైకోర్టులచే నిరాకరింపబడిరి. ఆ 1921లోనే అలహాబాదు హైకోర్టు కొర్నీలియా సొరాబ్జీని తన వకీళ్లలో చేర్చుకొనెను. ఒక న్యాయస్థానము మూసిన తలుపును మఱియొకటి తెఱచెను. 1923లో ప్రత్యేక చట్టము వచ్చి ఆ యడ్డు తొలగెను. ఇట్టి వృత్తిని హీనమని యెవ్వడనగలడు?

అయినను చట్టము ధర్మమునకు సాధనమే కాని ధర్మము కాదు. వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856లోనే చట్టము పుట్టినది. మన యాంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిన. నడుమ గడచిన యిరువదియైదేండ్లును చట్టము పుస్తకములోనే యుండెను. అనుమతి యిచ్చుట శాసనకర్తల పని. బహిష్కారమున కోర్చి దానిని ఆచరణమునకు తెచ్చుట శీలవంతుల పని.

చట్టము అనుమతించినను చేయదగని పనులు కలవు. చట్టము నిర్బంధింపకున్నను చేయవలసిన పనులును కలవు. ఈ రెండవదానికి చిత్తరంజనదాసుగారి చరిత్రము గొప్ప నిదర్శనము. ఆయన బ్రాహ్మకుటుంబమున జనించెను. తండ్రి భువనమోహనదాసుగారు కలకత్తా హైకోర్టులో సొలిసిటరు. అప్పులపాలై 1906లో తండ్రికొడుకు లిరువురును దివాలాదారులుగా నిర్ణయింపబడిరి. అంతటితో ఋణదాతలకు వారిపై హక్కు చెల్లిపోయెను. కాని చిత్తరంజనుడు తన వృత్తిలో ధనము గడించిన పిమ్మట, 1913లో, ఆ ఋణములన్నిటిని పైసతో సహా చెల్లించెను. అడుగుటకు ఎవ్వరికిని హక్కు లేదు. చెల్లింపుమని యే న్యాయస్థానమును ఆజ్ఞాపింపలేదు. చట్టమును బాగుగ నెఱిగినవాడే చట్టము తన్ను విడిచిన చోట ధర్మమునకు కట్టుబడెను.

ఇక మన పట్టణములలో నిత్యము జరుగు విషయము నొకదానిని తీసికొందము. నడుమ చెల్లు వ్రాయింపక మూడేండ్లు గడచిన ప్రామిసరీ నోటు కాలదోషము పట్టిన పత్రమగును. దానిపై దావా నిలువదు. పేద వితంతువు వద్ద అప్పు తీసికొన్న ధనవంతుడు ఈ సంగతి తెలిసికొనుటకై యువ న్యాయవాది కడకు వచ్చినాడనుకొందము. చట్టమున నున్నది దాచుట న్యాయవాదికి తగదు, ఉన్నదున్నట్లు చెప్పవలసినదే. కాని యంతటితో నతని విధి తీఱదు. "అయ్యా, చట్టము మిమ్ము విడిచినది, ఋణము మిమ్ము విడువలేదు" అని చెప్పగల ధైర్యమును అతనికి ఉండవలెను. ఆ మాటతో కక్షిదారుడు లేచి వేఱొక న్యాయవాది యింటికి పోవచ్చును. పోయిన ఫీజు స్వల్పము. నిలిచిన మనస్సు విలువైనది.

ఇచ్చట నొక యాక్షేపము కలుగును. అట్లయిన దోషియని తోచినవాని పక్షమున వాదించుట పాపము కాదా? కాదని మా నిశ్చయము. న్యాయవాది న్యాయాధిపతి కాడు. నేరము మోపబడిన ప్రతివాడును తనకు నచ్చిన న్యాయవాదిచే తన మాట చెప్పించుకొను హక్కును మన రాజ్యాంగపు 22వ అధికరణము ప్రసాదించినది. ఫలానావాని పక్షమున ఎవ్వరును వాదింపరాదని న్యాయవాదుల సంఘములు చేయు తీర్మానములు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పెను. లోకమంతయు వెలివేసినవాని ప్రక్క నిలుచుట దయాధర్మమే. అతనికొఱకు అసత్య మాడుట మాత్రము వేఱు సంగతి. బార్ కౌన్సిలువారి నియమములును న్యాయవాది తన కక్షిదారునికి కేవలము నోరుగా నుండరాదనియే చెప్పుచున్నవి.

కావున విద్యార్థి యీ నాలుగు పనులు చేయనని ముందుగనే నిశ్చయించుకొనవలెను. సాక్షికి అసత్యము నేర్పుట, దస్తావేజును దిద్దుట, పేద ప్రతివాదిని అలయజేయుటకై వాయిదాలు కోరుట, రాజీ మేలని తెలిసియు ఫీజు కొఱకు దానిని కక్షిదారునికి దాచుట. మొదటి రెండును నేరములని అందఱెఱుగుదురు. మూడవదియు నాలుగవదియు నేరములుగ నెవ్వరికిని కనబడవు. కనుకనే అవి ప్రమాదకరములు. దేశములో నాలుగు కోట్లకు మించిన వ్యాజ్యములు పరిష్కారము లేక నిలిచియుండగా, నిష్కారణముగ కోరిన యొక్కొక్క వాయిదాయు మఱియొకని న్యాయమును దొంగిలించుటయే యగును.

ఈ నిశ్చయము నిలుచుటకు లౌకికమైన జాగ్రత్తయు కావలెను. ఇంటర్మీడియేటు తరువాత అయిదేండ్లు, లేక పట్టభద్రులైన తరువాత మూడేండ్లు ఈ చదువు. హైదరాబాదులోని నల్సారు, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు క్లాటు పరీక్షయు, ఇతర కళాశాలలకు లాసెటు పరీక్షయు దారులు. పట్టము పొందిన పిమ్మట 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు కావలెను. అఖిల భారత బార్ పరీక్షలోను ఉత్తీర్ణులు కావలెను. అటుపిమ్మట పెద్ద న్యాయవాదికడ జూనియరుగా గడపు సంవత్సరములు వచ్చును. జూనియరులకు నెలకు పట్టణములలో ఇరువదివేలు, గ్రామ ప్రాంతములలో పదునైదువేల రూపాయలైన నీయవలెనని భారత బార్ కౌన్సిలు 2024 అక్టోబరులో సూచించెను. అది సూచనయే కాని శాసనము కాదు. న్యాయాధిపతి పదవి గోరువారును మూడేండ్లు న్యాయవాదులుగ పనిచేసి యుండవలెనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పెను. కావున ఈ కొఱత కాలమును దాటుట పెక్కురకు తప్పదు.

శీలము చెడునది యీ కాలముననే. ఏటికి లక్షల రూపాయలు అప్పుచేసి చదివినవాడు వాయిదా కట్టవలసిన తేది దగ్గఱపడినపుడు "ఈ కేసు నేను తీసికొనను" అని చెప్పుట కష్టము. గొప్ప కళాశాలను మేము నిందింపము. పెద్ద సంస్థలలో ఉద్యోగమును నిందింపము. కాని కాదనగల స్వాతంత్ర్యమును ముందుగనే తాకట్టుపెట్టి చదువు కొనరాదని తల్లిదండ్రులకు మా మనవి. కొన్నియేండ్లు కుమారుని సంపాదనకై తొందరపడక యింట అన్నము పెట్టగలిగిన తండ్రి, వానికి పెద్ద కళాశాలకంటె గొప్ప మేలు చేసినవాడగును. అట్లే సీనియరు నెన్నుకొనునపుడు ఆయన సంపాదన యెంత యని కాక, ఆయన యే కేసులను త్రిప్పిపంపినాడో విచారింపుడు.

విద్యార్థిదశ కేవలము పరీక్షలకొఱకే కాదు. 1878లో మద్రాసున హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురు యువకులలో నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. వారిలో నొకరు మన న్యాపతి సుబ్బారావు పంతులుగారు. నేటి విద్యార్థికి అంతకంటె దగ్గఱి సేవ కలదు. 1987లో శాసింపబడి 1995లో అమలునకు వచ్చిన న్యాయసేవల చట్టము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు నిచ్చినది. ఈ హక్కు తమకు కలదని యెఱుగని స్త్రీలు ప్రతి గ్రామమునను కలరు. కళాశాల న్యాయసహాయ కేంద్రమునుండి పోయి వారికి అర్జీ వ్రాసిపెట్టిన విద్యార్థి, చట్టమెవరికొఱకు పుట్టినదో ఏ పాఠ్యగ్రంథమును నేర్పనంత చక్కగ నేర్చుకొనును.

సోదరులారా! సోదరీమణులారా! న్యాయస్థానమున సాక్షి భగవంతుని పేర ప్రమాణము చేసి నిలుచును. న్యాయవాదియో, తన ప్రమాణమును తనకు తానే చేసికొనవలెను. సత్యస్వరూపుడగు పరమేశ్వరుడు ఈ విద్య నెన్నుకొను మన బిడ్డలకు, తగదని తోచినదానిని కాదనుటకు వలసిన బలమును, ఆ కాదన్న దినమున కలుగు కొఱతను సంతోషముతో సహించు నిబ్బరమును ప్రసాదించుగాక.