తోరణం కట్టిన ఊరు

గన్నవరం విమానాశ్రయంలో దిగి బెజవాడ వెళ్లే దారిలో ఒక ఊరుండేది. ఆ ఊరి ప్రెసిడెంటు గారిది ఒకటే దిగులు. విమానం దిగినవాళ్లెవరూ తమ ఊరి వైపు తలైనా తిప్పరు, పొలాలూ గేదెలూ తప్ప ఇక్కడేముందిలే అనుకుంటారు. ఏం చేస్తే పేరొస్తుందో తేల్చుకుందామని గ్రామసభ పెట్టించారు.

ఆ ఊళ్లో ఒక ముసలాయన ఉన్నాడు. కొండపల్లి నుంచి ఇల్లరికం వస్తూ బొమ్మల పని వెంట తెచ్చుకున్నవాడు. అందరికీ బొమ్మల తాత. సభలో ఆయన లేచి, "బాబూ, పొణికి కర్ర దొరకడం లేదు. కొండ మీద మొక్కలు నాటించండి. ఇద్దరు కుర్రాళ్లను నా దగ్గర కూర్చోబెట్టి, పని వచ్చేదాకా వాళ్లకు కూలి ఇప్పించండి. పేరు దానంతటదే వస్తుంది" అన్నాడు.

"మొక్క మానయ్యేదెప్పుడు తాతా? విమానాలు రోజూ దిగుతున్నాయి" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆయన చెడ్డవాడు కాదు. చందాలు పోగుచేసి, తన చేతి డబ్బూ వేసి, రోడ్డు మీద పెద్ద తోరణం కట్టించారు. దానికి రెండు పక్కలా ఫైబరుతో చేసిన అంబారీ ఏనుగులు. రంగులు తాత బొమ్మను చూసి వేయించినవే. తాతకు శాలువా కప్పారు. పేపర్లో ఫొటో వచ్చింది. కార్లు ఆగడం మొదలైంది, జనం దిగి ఫొటోలు తీసుకునేవాళ్లు. ఊరంతా సంబరపడింది.

ఒకరోజు డాలస్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి తోరణం చూసి కారు ఆపించింది. సంచిలోంచి చీర ముక్కలో చుట్టిన బొమ్మ తీసింది. వాళ్ల అమ్మమ్మ బొమ్మల కొలువులోని అంబారీ ఏనుగు, తొండం విరిగిపోయింది. "దీన్ని బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగితే టీకొట్టతను తాత ఇల్లు చూపించాడు.

తాత బొమ్మను ఒళ్లో పెట్టుకుని విరిగిన చోట గోటితో గీరి చూశాడు. చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేశాడు. తొండం అతికించి, సందుల్లో ఆ మక్కు కూరి, వేలి కొసతో నున్నగా సరిచేసి ఆరబెట్టాడు. మర్నాడు సుద్ద పూసి, మేక వెంట్రుకల కుంచెతో పాత రంగులో కొత్త రంగు కలిసిపోయేలా దిద్దాడు. అమ్మాయి రెండు రోజులూ అరుగు మీదే కూర్చుని చూసింది.

"తాతగారూ, మా వైపు కొలువు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. సంక్రాంతికి మూడొందల ఏనుగులు కావాలి. మీరు చెప్పిన ధరే ఇస్తాం" అంది.

తాత కొట్టంలోకి వెళ్లి కర్ర చూసుకుని వచ్చాడు. "పదకొండుకు సరిపోతుందమ్మా" అన్నాడు. చేసే చేతులూ లేవు. పెద్ద మనవడు ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ తోలుతున్నాడు, చిన్నవాడు గోడౌన్‌లో లోడింగుకు పోతున్నాడు.

సంగతి తెలిసి ప్రెసిడెంటు గారు పరుగున వచ్చారు. "తాతా, ముందు ఒప్పుకో, తర్వాత చూద్దాం!"

"ఒప్పుకుంటే కర్ర మొలుస్తుందా బాబూ?"

ఆ పదకొండింటికే అడ్వాన్సు ఇచ్చి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. మిగతావి ఎవరో అచ్చుల్లో పోసి అమ్మారు. వాటి అడుగునా కొండపల్లి అనే రాసుంది.

నీతి: పేరు వచ్చేనాటికి సరుకూ, చేసే చేతులూ సిద్ధంగా ఉండాలి. వాటి ఖర్చు ముందు, తోరణం ఖర్చు తర్వాత.

ఈ నీతి మన ఆంధ్రప్రదేశ్‌కూ వర్తిస్తుంది. 2014లో హైదరాబాద్ తెలంగాణకు పోయాక మనది పల్లెల రాష్ట్రమైపోయిందని చాలామంది బెంగపడ్డారు. నాకా బెంగ లేదు. ప్రపంచం మనల్ని గుర్తుపట్టే పనుల్లో చాలావాటికి పల్లెలే పుట్టిళ్లు. కూచిపూడి కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా అక్కడి భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. ఆయన శాలువాతో సరిపెట్టలేదు, తరతరాలు ఆడుకుంటూ బతకడానికి నేల ఇచ్చాడు. ఆ నేల మీద నిలిచిన విద్యే వెంపటి చినసత్యం గారి దాకా వచ్చింది. ఆయన 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక దేశదేశాల పిల్లలు గజ్జె కట్టారు.

పెడన కలంకారీదీ ఇదే లెక్క. కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద టేకు అచ్చులతో అద్దుతారు, పారే కాలువలో ఉతుకుతారు. ఒకప్పుడు మచిలీపట్నం ఓడల్లో ఈ అద్దకాలు పర్షియాకూ ఐరోపాకూ వెళ్లాయి. ఇప్పుడు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నా, యంత్రం మీద తీసిన స్క్రీన్ ప్రింటు అదే పేరుతో సగం ధరకు బజార్లోకి వస్తే అద్దకం కూలీ నిలబడలేడు. జీఐ పత్రాన్ని గోడకు తగిలించి ఊరుకోకుండా దొంగ సరుకును పట్టుకునే మనిషి కావాలి.

పేరుకు మనకిప్పుడు కొదవ లేదు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో బొమ్మల గురించి మాట్లాడుతూ కొండపల్లి పేరెత్తారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు ఊరేగాయి. ఇవి చూసి నేనూ పొంగిపోయాను. కానీ అలా పేరు వినిపించిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. కొండపల్లిలో పొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర ఎంత దొరుకుతోంది? పని నేర్చుకునే కుర్రాడికి నెలకు ఎంత ముడుతోంది? ఆ రాబడి టాక్సీ కంటే తక్కువైతే వాడు ఉలి పట్టుకోడు. అందులో వాడి తప్పేమీ లేదు.

గన్నవరం దిగినవాళ్లకు బొమ్మల చిత్రాలు చూపడం మంచిదే. దాంతోపాటు అక్కడే ఒక పనిబల్ల వేసి, రోజుకూలి ఇచ్చి, చెక్కేవాళ్లను కూర్చోబెట్టాలి. కొన్నవాళ్ల చేతికి చేసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. కొండపల్లి కొండల్లో పొణికి నాటే పని మాత్రం ఈ తొలకరికే మొదలుపెట్టాలి.