పిలవకుండా లోపలికొచ్చిన కథ

వేసవి సెలవుల్లో 'ట్వైలైట్' నవలలు నాలుగూ చదివాను. స్టెఫనీ మేయర్ రాసిన ఈ వరుసలో మొదటిది 2005లో వచ్చింది. రక్తం తాగే వాంపైర్ యువకుడికీ మామూలు అమ్మాయికీ మధ్య ప్రేమకథ. ఆసక్తిగా చదివాను, ఆ మాట దాచను.

రెండో నవల దగ్గర మనసు ఆగింది. అందులో వాంపైర్లకు శత్రువులు, తోడేళ్లుగా మారే ఆదివాసి కుర్రాళ్లు. వాళ్లది కల్పిత తెగ కాదు. క్విలియూట్ ప్రజలు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్ర సముద్రతీరాన, లా పుష్ గ్రామంలో నేటికీ బతుకుతున్నారు. తోడేళ్లు మనుషులుగా మారగా తాము పుట్టామని వాళ్ల పుట్టుక గాథ. నవలలో అది తలకిందులైంది. కోపం ముంచుకొస్తే మనిషి తోడేలవుతాడు. వాంపైర్లేమో డబ్బు, చదువు, నిగ్రహం ఉన్నవాళ్లు. ఈ పంపకం మనకు కొత్తదా?

"కథే కదా సార్, తప్పేముంది?" అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఊహకు కంచె వేస్తే సాహిత్యం ఉండదు. అయితే వాంపైర్ గురించి ఎలా రాసినా నొచ్చుకునే వాంపైర్ ఎక్కడా లేడు. క్విలియూట్ పిల్లలు ఉన్నారు. ఆ తెగను అడగకుండానే వాళ్ల పేరు పుస్తకాల్లోకి, సినిమాల్లోకి, అంగడి సరుకుల్లోకి వెళ్లింది. నవలలో వాళ్లకు వాంపైర్ల భయం. నిజంగా వాళ్లకున్నది సునామీ భయం. ఎత్తైన చోటికి తరలడానికి పక్కనున్న జాతీయ పార్కు నుంచి 785 ఎకరాలు వాళ్లకు ఇస్తూ 2012లో చట్టం వచ్చింది. నవలలు చదివిన వాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

కథకు హక్కుదారులు ఉంటారన్నది మనకు తెలిసిన విషయమే. ఆదిలాబాద్ గోండుల వంశగాథలను కిక్రి వాయిస్తూ చెప్పేది ప్రధాన్లు. ఏ ఇంటి గాథ ఎవరు చెప్పాలో కట్టుబాటు ఉంది. విన్నవాళ్లు చెప్పినవాళ్లకు ఇచ్చుకుంటారు. అక్కడ కథ ఎవరిదో అందరికీ తెలుసు.

అలాగని మన కథ మనమే రాయాలి, ఇతరులు ముట్టుకోకూడదు అంటే నేను ఒప్పుకోను. అలాగైతే నేనూ నా ఊరు దాటి ఒక్క మాట రాయలేను. అడగాలి, వినాలి, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి. ఈ నియమం మనకూ వర్తిస్తుంది. అవ్వ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ఆమె పేరు లేకుండా అందరికీ పంపే మన పిల్లలు కూడా ఆలోచించాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇలాంటి పుస్తకాలను పిల్లల చేతుల్లోంచి లాక్కోకండి. చదవనివ్వండి. చదివాక, ఇందులో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా అని అడగండి.

చాలా పాత వాంపైర్ కథల్లో ఒక నియమం ఉంది. ఇంటివాళ్లు పిలవనిదే వాంపైర్ గడప దాటలేడు. రక్తం తాగేవాడికే ఉన్న ఆ మర్యాద కథ రాసేవాళ్లకు ఉండొద్దా?